నూరు పాయింట్ నాలుగు

జూన్ 27, శుక్రవారం

న్యూట్రోపీనియా. న్యూట్రోపీనియా. న్యూట్రోపీనియా.

రామకోటి రాసినట్టు రాస్తే గుర్తుంటుందని రాస్తున్నాను. నిన్న బళ్ళారి ఆసుపత్రిలో ఆయనకు రెండో కీమో ఎక్కించినారు. మెడ దగ్గరి గడ్డలు సగం కరిగినాయని డాక్టరు చెప్పినాడు. నేను సంతోషపడే లోపలే ఇంకో మాట చెప్పినాడు. పోయినసారి కీమో తరువాత తెల్లకణాలు బాగా పడిపోయి, మళ్ళీ లేచినాయంట. మనకు తెలియకుండానే గండం గడిచిపోయిందంట. ఈసారి ఇంకా పడొచ్చు, జాగ్రత్త అన్నాడు. కన్నడం, ఇంగ్లీషు కలిపి గబగబా చెప్తుంటే తల ఊపుతూ విన్నాను. బయటికి వచ్చేసరికి ఒక్క ముక్క గుర్తు లేదు.

నర్సు రక్షిత మంచి పిల్ల. పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ మొదటినుంచి చెప్పింది. కన్నడంలో మొదలుపెట్టి, నా మొహం చూసి తెలుగులోకి వచ్చింది. తారానగర్‌కు కోడలిగా వచ్చి ఇన్నేళ్ళయింది, కన్నడం బాగానే మాట్లాడతాను. కానీ భయం వేసినప్పుడు గుంతకల్లు బడిలో పదో తరగతి దాకా చదివిన తెలుగు ఒక్కటే తలకెక్కుతుంది.

గుర్తున్నంత రాసి పెట్టుకుంటాను. రక్తంలోని తెల్లకణాల్లో ఎక్కువ భాగం న్యూట్రోఫిల్స్. క్రిములు ఒంట్లో చొరబడితే ముందుగా పోయి పట్టుకునేవి అవే. అవి ఎముకల లోపలి మూలుగలో పుడతాయి. కీమో మందు గడ్డను చంపుతూ వాటిని కూడా చంపుతుంది. పదిహేను వందల కంటే తగ్గితే దాని పేరే న్యూట్రోపీనియా. ఐదు వందల కంటే తగ్గితే చాలా ప్రమాదం. కీమో అయిన వారానికి పడిపోవడం మొదలై, రెండో వారమంతా తక్కువగా ఉంటాయి. తరువాత వాటంతట అవే పెరుగుతాయి.

అంటే వచ్చే గురువారం నుంచి.

ఆయన మంచం మీద నుంచి తొంగి చూసి, "రాముడు అలుగుతాడు సూడు. ఆయప్ప పేరు పక్కన బెట్టి ఇదేం పేరు రాస్తాండావు?" అన్నాడు. నవ్వు వచ్చింది. ఆయన నవ్వించగలిగినంత కాలం నాకేమీ భయం లేదు.

జూన్ 29, ఆదివారం

జ్వరం సంగతి రాయలేదు. అదే ముఖ్యమని రక్షిత అన్నది, అదే మరిచిపోయినాను. ఫోన్ చేసి అడిగినాను.

100.4. నూరు పాయింట్ నాలుగు. అంత వచ్చిందంటే పొద్దున్నా సాయంత్రమా అని చూడకుండా ఆసుపత్రికి పోవాలి. తెల్లారనీ, తగ్గుతుందేమో చూద్దాం అనకూడదు. డోలో మాత్ర ముందే ఇవ్వకూడదు. అది జ్వరాన్ని దాచిపెడుతుంది, లోపల రోగం మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

నాకు ఒకటి అర్థం కాలేదు. ఇంత పెద్ద రోగాన్ని తట్టుకుంటున్న మనిషికి జ్వరం ఎంత? మామూలుగా పుండు పడితే ఎర్రబడుతుంది, వాస్తుంది, చీము పడుతుంది. అదంతా న్యూట్రోఫిల్స్ చేసే గలాటే అంట. అవి లేనప్పుడు లోపల ఎంత చెడినా పైకి ఏమీ కనపడదు. జ్వరం ఒక్కటే తెలుపుతుంది. ఒక్కోసారి అది కూడా రాకుండా ఉత్త చలి, వణుకు.

ఆయనకు చెప్తే వెంటనే అర్థమయింది. దోణిమలై గనిలో బ్లాస్టింగ్ పనిలో ఉండేవాడు. మందు పేల్చే ముందు సైరన్ మోగితే అన్నం తింటున్నవాళ్ళు కూడా చెయ్యి కడగకుండా పరుగెత్తాలంట. ఎందుకు, ఏమని ఎవరూ అడగరంట. "ఇదీ అంతే గదా," అన్నాడు.

ఇంకా: చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఎవరైనా సరే. పచ్చివి పెట్టకూడదు, కోసి పెట్టిన పండు కూడా. నీళ్ళు మరగబెట్టాలి. మెత్తని బ్రష్షు. గడ్డానికి బ్లేడు వద్దు. ఆవు దగ్గరికి, పేడ దగ్గరికి పోకూడదు. ఆయన గదిలో పూలు పెట్టకూడదు. జనంలోకి పోకూడదు, జనం ఆయన దగ్గరికి రాకూడదు.

పూలు లేకుండా పూజ వంటింట్లోకి మార్చినాను. అమ్మవారు ఏమీ అనుకోదు. ఆమెకు అన్నీ తెలుసు.

జులై 1, మంగళవారం

కడుపు దగ్గర వేసే సూది మొదలయింది. న్యూట్రోఫిల్స్ తొందరగా పుట్టడానికి. రోజుకొకటి, ఐదు. కాంపౌండరు వెంకటకృష్ణయ్య ఇంటికి వచ్చి వేసి పోతాడు. నడుము ఎముకలు పీకుతాయి, అది మందు పని చేస్తున్నట్టే అని రక్షిత ముందే చెప్పింది.

జనం వస్తూనే ఉన్నారు. మా వైపు ఎవరికైనా బాగాలేదంటే పోయి మాట్లాడించి రాకపోతే తప్పు. బ్రెడ్డు, అరటిపండ్లు పట్టుకుని వస్తారు. మంచం మీదనే కూర్చుంటారు, చెయ్యి పట్టుకుంటారు. రావద్దండి అని చెప్పే నోరు నాకు లేదు. చిన్నప్పటి నుంచి లేదు. చేతులు కడుక్కోండన్నా అని నిన్న ఒకాయనతో అన్నాను, ఆయన వినపడనట్టు కూర్చున్నాడు. భజనలో ఈయనతోపాటు డోలు వాయించే మనిషి, దగ్గుతున్నాడు. ఈయనేమో జనం వస్తే లేచి కూర్చుంటాడు. ఈయనకు మనుషులే కావాలి. మాకు పిల్లలు లేరు. ఊరంతా పిల్లలే ఆయనకు.

ఈరోజు కొట్రమ్మ వచ్చింది. ఆయనకు చిన్నాన్న కూతురు. మనవణ్ణి చంకలో ఎత్తుకుని వచ్చింది, వాడి ముక్కు కారుతూ ఉంది. ఆయన పెదవి మీద పుండ్లు చూసి, "వదినా, అన్నకు అమ్మ చూపిందా ఏంది?" అని రెండడుగులు వెనక్కి పోయింది.

ఇది ఆటలమ్మ కాదు, కీమోకు నోరు పూసిందని చెప్పాలి. చెప్పలేదు. తల దించుకున్నాను. ఆమె చెంపలు వేసుకుని, చెప్పులు తొడుక్కుని, మనవడి మొహం కొంగుతో కప్పి పోయింది.

మొదటిసారి ఎవరో వచ్చి ఇంత తొందరగా పోయినారు.

జులై 2, బుధవారం

వాకిట్లో వేపమండ కట్టినాను.

ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. వేప గాలి మంచిది, అందరికీ తెలిసిందే. కట్టినాను, అంతే. ఎవరేమి అనుకుంటే అది వాళ్ళిష్టం.

ఆయన చూసి, "ఈ వయసులో అమ్మ నామీద కన్నేసిందంటనా?" అని నవ్వినాడు. తరువాత నవ్వు ఆపి, "వద్దులే పుష్పా. ఆమె పేరుతో ఎందుకు?" అన్నాడు. నేను పాలు పొంగుతున్నాయని లోపలికి పోయినాను.

సాయంత్రం దాకా వచ్చినవాళ్ళంతా వీధిలోనే నిలబడి, మండ చూసి, దండం పెట్టుకుని వెనక్కి పోయినారు. ఒక్కరు కూడా తప్పు పట్టలేదు. నర్సు చెప్పినవన్నీ ఒక్క మండ చెప్పేసింది.

అమ్మా, నీ పేరు నోటితో చెప్పలేదు. నువ్వు చూసినావు కదా.

జులై 3, గురువారం

అత్త వచ్చింది.

ఇది నేను అనుకోలేదు. ఎందుకు అనుకోలేదో నాకే తెలియదు. అమ్మ వచ్చిన ఇంటికి అందరూ దూరముంటారు, పెద్దామె మాత్రం వస్తుంది, సేవ చేయాలి కాబట్టి. కొట్రమ్మ ఫోన్ చేసిందంట. కుడతినిలో పెద్ద కొడుకు ఇంట్లో ఉండే మనిషి, కళ్ళు సరిగా ఆనవు. బస్సులో ఒక్కటే వచ్చింది. వస్తూనే చేతులు కాళ్ళు కడుక్కుని ఆయన దగ్గర కూర్చుని, పెదవి తడిమి చూసి, "అమ్మా తల్లీ, సల్లంగ సూడు" అని దండం పెట్టుకుంది.

ఆయన నావైపు చూసినాడు. నేను గోడవైపు చూసినాను. ఆయన కూడా చెప్పలేదు. నా పరువు కాపాడినాడు. అట్ల కాపాడకుండా ఉంటే బాగుండేది.

ఇంట్లో ఇంక తాలింపు లేదు, నూనె సట్టి పొయ్యి మీదికి రాదు. పెరుగన్నం, మజ్జిగ. చేతులు మాటిమాటికీ కడుక్కుంటుంది. బయటినుంచి వచ్చిన బట్టతో లోపలికి రానీయదు. ఇదంతా రక్షిత కోరినదే. ఒకరకంగా అత్త రావడం మంచిదే అయింది.

జులై 5, శనివారం

నిన్న వెంకటకృష్ణయ్య సూది వేయడానికి వస్తే అత్త వాకిట్లోనే ఆపింది. అమ్మ ఒంటి మీద ఉండగా సూది గుచ్చితే అమ్మను గుచ్చినట్టే అన్నది. కాంపౌండరు నన్ను చూసినాడు. నేను, "రేపు సూద్దాంలే స్వామీ" అన్నాను. ఈరోజు ఆయన రాలేదు.

రెండు సూదులు ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక ఉన్నాయి.

మూడు పడినాయి కదా. ఐదులో మూడంటే ఎక్కువ భాగం పడినట్టే.

జులై 6, ఆదివారం

పీర్ల పండగ. వీధి చివర డప్పులు. ఆయన పేరు పీర్ల సామికి మొక్కుకుని పెట్టిన పేరు. హొన్నూరప్ప అని పిలిపించుకుని నిప్పుల గుండం దగ్గరికి పోకుండా ఇంట్లో కూర్చోవడం బుద్ధి తెలిసినప్పటి నుంచి ఇదే మొదలంట. కిటికీలోంచి అయినా చూస్తానన్నాడు. అత్త ఒప్పుకోలేదు. అందుకు ఆమెకు మనసులో దండం పెట్టుకున్నాను. ఈ ఒక్క రోజుకైనా మండ పనికొచ్చింది.

జులై 7, సోమవారం

దీపం ముందు నిలబడితే మాట రావడం లేదు. అమ్మ పేర్లు మొదలుపెట్టి మధ్యలో మరిచిపోతున్నాను. చిన్నప్పటి నుంచి తప్పనివి.

జులై 8, మంగళవారం

పొద్దున 99.8. దుప్పటి కప్పుకుని పడుకున్నాడు, ఆ వేడి.

అత్త నుదురు పట్టి చూసి, కాలుతాందే అన్నది. దుప్పటి వేడి అత్తా అని చెప్పినాను. మజ్జిగన్నం రెండు ముద్దలు తిన్నాడు. రెండు ముద్దలైనా తిన్నాడు.

ఇల్లు ఊడ్చినాను. చెంబులు తోమినాను. దేవుడి పటాలు తుడిచినాను.

కొంచెం సేపయినాక మళ్ళీ చూడాలి.

జులై 9, బుధవారం

ఐసియు బయట ఉన్నాను. రాయలేను.

జులై 10, గురువారం

ఇంకా లోపలే ఉన్నాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడనిస్తారు. ఊపిరి తనే తీసుకుంటున్నాడు. బీపీకి మందు పోతూ ఉంది. కూర్చున్నచోట పని లేదు, జరిగింది రాస్తాను.

మంగళవారం మధ్యాహ్నం ఆయనకు చలి పట్టుకుంది. మంచం ఊగేంత వణుకు. రెండు దుప్పట్లు కప్పినా ఆగలేదు. జ్వరం 102 దాటింది. యల్లేష్‌కు ఫోన్ చేసి బండి తెమ్మన్నాను. ఊర్లో ఎవరికి బాగాలేకపోయినా అతని కారే పోతుంది.

నేను ఆయనకు చొక్కా తొడుగుతుంటే అత్త లేచి పోయి గడపలో అడ్డంగా కూర్చుంది.

"అమ్మ ఇంట్లో ఉండంగ వాన్ని గడప దాటిస్తావా? సల్లబడేదాకా యాడికీ పోగూడదు. నీకు తెలీదా?"

మెల్లగా చెప్పి చూసినాను. ఆసుపత్రిలో చూపించి వెంటనే తెస్తామని, డాక్టరు రమ్మన్నాడని. ఆమె కదల్లేదు. నా కొడుకు నాకు బరువా, అమ్మ కోపగిస్తే ఏ డాక్టరు ఆపుతాడు అని తన ధోరణిలో తను చెప్తూ ఉంది. ఆమె తప్పేమీ లేదు. ఆమెకు తెలిసినంతలో ఆమె కొడుకును కాపాడుకుంటూ ఉంది. వీధిలో కారు హారన్ వినపడింది. ఆయన పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"అత్తా, అమ్మ రాలేదు."

"ఏందీ?"

"అమ్మ రాలేదు. మండ నేనే కట్టినా. జనం రాకుండా ఉండాలని కట్టినా. ఆయప్ప నోటి పుండ్లు కీమోవి."

ఆమె నా గొంతు వచ్చినవైపు మొహం తిప్పింది.

"నువ్వా? దీపం బెట్టందే నీళ్ళు దాగవు. నువ్వా?"

అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. తలుపు పట్టుకుని లేచి పక్కకు జరిగింది. ఆయనను పట్టుకుని నేను గడప దాటుతుంటే వెనకనుంచి, "అందుకే కాలుతాండాది వాని ఒళ్ళు" అన్నది.

యల్లేష్ మండ చూసి కారు దగ్గరే నిలబడిపోయినాడు. అమ్మ ఉన్న మనిషిని కారులో ఎట్ల ఎక్కించుకునేదని అతని మొహంలోనే కనపడింది. ఆయనను అరుగు మీద కూర్చోబెట్టి మండ పీకి కింద పడేసినాను. ఎదురింటి వాళ్ళు చూస్తూ ఉన్నారు. "ఏమీ లేదప్పా యల్లేషప్పా, రా. అబద్ధానికి కట్టిన మండ. రా" అన్నాను. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. యల్లేష్ ఇంకేమీ అడగకుండా వచ్చి రెండో చెయ్యి పట్టుకున్నాడు.

ఆసుపత్రిలో రక్షిత చూడగానే పరుగెత్తింది. రెండుచోట్ల రక్తం తీసినారు, అందులో ఏ క్రిమి ఉందో పెంచి చూడటానికంట. అది తెలిసేదాకా ఆగకుండా వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించినారు. న్యూట్రోఫిల్స్ నూట ఎనభై. వేలల్లో ఉండవలసినవి.

సూదులు ఐదూ పడినాయా అని డాక్టరు అడిగినాడు. మూడే అన్నాను. జ్వరం ఎప్పుడు మొదలయింది అన్నాడు.

మధ్యాహ్నం అన్నాను.

జులై 12, శనివారం

ఈరోజు ఆయనను వార్డుకు మార్చినారు. మొహం వాచి ఉంది, గొంతు లేదు. నన్ను చూసి కనుబొమ్మలు ఎగరేసినాడు. అది ఆయన నవ్వు.

రక్తంలో పెరిగిన క్రిమి ఏదో తెలిసింది. ఎవరు తెచ్చినారు డాక్టరుగారూ అని అడిగినాను. దగ్గిన మనిషి, కొట్రమ్మ మనవడు, అత్త ఎక్కివచ్చిన బస్సు, ఇన్నాళ్ళూ వీటన్నిటినీ వరసగా తలచుకుంటూ ఉన్నాను. ఎవరూ తేలేదు అన్నాడు. అది ఆయన పేగుల్లోనే ఎప్పుడూ ఉండేదంట. మనందరి పేగుల్లోనూ ఉంటుందంట. కాపలా ఉన్నంత కాలం దాని చోట అది ఉంటుంది. కాపలా పోయినప్పుడు, మందుకు పేగు లోపలి పొర కూడా పుండయినప్పుడు, రక్తంలోకి దాటుతుంది. న్యూట్రోపీనియాలో చాలాసార్లు ఇట్లే జరుగుతుందంట. జనాన్ని దూరం పెట్టడం మంచిదే, కానీ దానితోనే అంతా ఆగదు. జ్వరం కనపడగానే రావడం ఒక్కటే చేయగలిగింది అన్నాడు.

అంటే మండ కట్టినా కట్టకపోయినా ఈ జ్వరం వచ్చేదేనేమో. అమ్మ కోపం కూడా కాదు. ఇది విని నాకు నిమ్మళం కావాలి. కాలేదు.

ఎందుకు కాలేదో రాస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను?

మంగళవారం పొద్దున ఈ పుస్తకంలో రాసిన 99.8 రెండోసారి చూసినది. మొదటిసారి 100.6 ఉండింది. అది చూసి, దుప్పటి తీసి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, ఫ్యాను పెట్టి, ఇంకో చంకలో పెట్టి చూసినాను. 99.8 వచ్చింది. దానినే రాసుకున్నాను. నాకు అంకె తెలియక కాదు. నూరు పాయింట్ నాలుగు అని చెంబు తోముతూ కూడా అనుకుంటూనే ఉన్నాను. ఆసుపత్రికి అంటే అత్త ఆపుతుంది, ఆపితే నిజం చెప్పాలి. తగ్గితే చెప్పే పని లేదు. తగ్గుతుందని పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఇల్లు శుభ్రం చేసినాను.

సాయంత్రం రక్షితతో చెప్పినాను. మధ్యాహ్నం కాదమ్మా, పొద్దున అని. ఆ పిల్ల తిట్టలేదు. కాగితంలో కొట్టివేసి మళ్ళీ రాసింది. "తర్వాతసారి మొదట చూసిందే లెక్క అమ్మా. ఎరడనే సల, రెండోసారి చూడొద్దు" అన్నది. నేను ఏడ్చినాను. ఎదురుమంచం వాళ్ళ ముందు.

జులై 16, బుధవారం

న్యూట్రోఫిల్స్ పద్దెనిమిది వందలు. రేపు ఇంటికి పంపుతామన్నారు. ఆయన ఇడ్లీ తిన్నాడు. "నా కడుపులో ఉండే క్రిములే నా మీదికి తిరిగినాయంట. ఇంగ ఎవరినని తిట్టేది?" అన్నాడు. గొంతు వచ్చింది.

మధ్యాహ్నం అత్త వచ్చింది, పెద్దబావ వెంట. నాతో మాట్లాడదని అనుకున్నాను. వార్డు బయట కొళాయి దగ్గర సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని లోపలికి వచ్చింది. కొడుకు తల నిమిరింది. తరువాత వరండాలో నా పక్కనే కూర్చుంది. తప్పయింది అత్తా అన్నాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది.

"పొద్దున నుదురు బట్టినప్పుడే నాకు తెలిసె. నీకూ తెలిసె. నువ్వు నా ముందర మానం పోతాదని గమ్మున ఉంటివి. నేను అమ్మకు భయపడి గమ్మున ఉంటి. నా కొడుకొక్కడే కాలిపాయె."

నేను తల ఊపినాను.

"అమ్మతో నేను మాట్లాడుకుంటాలే," అన్నది. "ఆ సంగతి నువ్వు పెట్టుకోవాకు. ఎంత వస్తే పోవల్ల, అది చెప్పు."

"నూరు పాయింట్ నాలుగు."

"నాకు అంకెలు ఆనవు."

"నేను చూసి చెప్తాను అత్తా."

"నువ్వు చూడు. చూసింది గట్టిగా చదువు. నాకు వినపడల్ల. బండికి ఫోన్ నేను చేస్తా. నువ్వయితే ఆలోచిస్తా కూకుంటావు."

జులై 24, గురువారం

మూడో కీమో. వారం ఆలస్యం చేసి, మందు కొంచెం తగ్గించి ఎక్కించినారు. ఈసారి సూదులు ఐదూ పడాలని డాక్టరు నన్ను చూసి చెప్పినాడు. పడతాయి అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన కారులో నిద్రపోయినాడు. దారి పొడుగునా ఖనిజం లారీలు, ఎర్రదుమ్ము. అద్దాలు పైకెత్తి మూసినాను.

జులై 28, సోమవారం

ఊర్లో అందరికీ తెలిసిపోయింది. అమ్మ పేరుతో అబద్ధం ఆడిందని అంటున్నారు. నిన్న గుడి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు నేను వస్తుంటే మాట ఆపేసినారు. అననీ. నిజమే కదా.

కొట్రమ్మ వచ్చింది, ఈసారి మనవడు లేకుండా. నేను వాకిట్లోనే నిలబడి, లోపలికి వద్దమ్మా, ఆయనకు రక్తంలో బలం పడిపోయే రోజులు, కిటికీ దగ్గర నిలబడి మాట్లాడి పో అన్నాను. ఆమె మొహం మాడ్చుకుంది. "మా అన్న నీ ఒక్కదాని సొత్తా వదినా?" అన్నది. లోపలినుంచి ఆయన, "ఈడ కిటికీకి రావే, నా బోడిగుండు సూసి పో" అని పిలిచినాడు. పోయింది. కిటికీలోంచి మాట్లాడి, కళ్ళు తుడుచుకుని, నాతో చెప్పకుండా వెళ్ళిపోయింది.

మళ్ళీ వస్తుందో రాదో తెలియదు.

రేపటినుంచి ఐదు సూదులు.

ఆగస్టు 1, శుక్రవారం

నిన్నటినుంచి తక్కువ రోజులు. పొద్దున 98.2, మధ్యాహ్నం 98.6, సాయంత్రం 98.4. మూడుసార్లూ గట్టిగా చదివినాను. అత్త మూడుసార్లూ "ఊఁ" అన్నది.

ఆగస్టు 2, శనివారం

ఐదో సూది పడింది. నడుము పీకుతుందని అంటున్నాడు. మంచిదే అన్నాను. "నొప్పి కూడా మంచిదేనా నీకు?" అన్నాడు.

దీపం ముందు అమ్మ పేర్లు మధ్యలో ఆగకుండా వచ్చినాయి. ఆమె విన్నదో లేదో తెలియదు. నేనేమీ అడగలేదు. అడగడానికి ఇంకా మొహం లేదు.

ఆగస్టు 4, సోమవారం

శ్రావణ సోమవారం. తలస్నానం చేసి, వత్తి వేసి, దీపం పెట్టబోయే ముందు ఆయన దగ్గరికి పోయినాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

100.5.

మొదట చూసినదే రాస్తున్నాను. రెండోసారి చూడలేదు. గట్టిగా చదివినాను. నేను చదవడం అయ్యేలోపలే అత్త యల్లేష్‌తో ఫోన్‌లో మాట్లాడుతూ ఉంది.

మాత్ర ఇవ్వలేదు. దీపం పెట్టలేదు. ఆసుపత్రి కాగితాలు, దుప్పటి, మరిగిన నీళ్ళు తీసుకున్నాను. ఆయన చొక్కా తనే తొడుక్కుంటున్నాడు.

బండి వచ్చింది.